క్రెడిట్లు నిండితే చాలదు
160 క్రెడిట్లు పూర్తయితే బెంగళూరులో మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ చేతికొచ్చినట్టేనని మీ వ్యాసంలో రాశారు. వీటీయూ (కర్ణాటకలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) 2022 స్కీమ్, అంటే ఆ ఏడాది తెచ్చిన కోర్సు నిబంధనల ప్రకారం ఆ సంఖ్య సరైనదే, కానీ అక్కడితో ఆగితే పిల్లలు దెబ్బతింటారు. క్రెడిట్లతో సంబంధం లేని 100 యాక్టివిటీ పాయింట్లు (చదువుకు బయట చేసే సామాజిక సేవ లాంటి పనులకిచ్చేవి) కూడా ఉండాలి, డిప్లొమా నుంచి రెండో ఏడాదిలో చేరినవాళ్లకు 75. ఇవి సీజీపీఏలో (మొత్తం కోర్సు సగటు గ్రేడులో) కలవవు, అందుకే చివరి సెమిస్టర్ దాకా ఎవరూ పట్టించుకోరు. ఇవి లేకపోతే అన్ని పేపర్లూ పాసైనా డిగ్రీ ఆగిపోతుంది. పాస్ మార్కుల దగ్గర ఇంకో చిక్కుంది: ఇంటర్నల్‌లో 50కి 20, సెమిస్టర్ పరీక్షలో 50కి 18 కనీసం రావాలి. అయితే ఆ రెండూ కలిపితే 38, మొత్తం మాత్రం 40 ఉండాలి. రెండు చోట్లా గట్టెక్కి, కూడికలో రెండు మార్కులకు పోవడమంటే ఎంత అన్యాయంగా అనిపిస్తుందో! అందుకే ఇంటర్నల్‌లోనే 30 దాటించుకోవాలి. అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చే మనవాళ్లు ‘బళకె కన్నడ’నూ (కన్నడ రానివాళ్లకు వాడుక కన్నడ నేర్పే కోర్సు) తేలిగ్గా తీసుకోవద్దు, ఒక్క క్రెడిటే అయినా తప్పనిసరి. మొదటి ఏడాది గణితంలో అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్స్) వదిలేస్తే మూడో ఏడాది హీట్ ట్రాన్స్‌ఫర్‌లో ఫిన్ (వేడిని బయటికి పంపే లోహపు రెక్క) లెక్క దగ్గరే ఆగిపోతారు.