పొటాష్ మాగాయ

మే నెలలో మా పెద్దమ్మ డాబా మీద పాత చీర పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టింది. సాయంత్రానికి ప్రతి ముక్క మీదా ఓ నల్ల చుక్క. దిష్టి తగలకుండా తనే పెట్టిందేమో అనుకున్నాను. కాదు, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక మడిలో గడ్డి తగలెట్టారు, గాలి ఇటు తిరిగింది. పెద్దమ్మ ఒక్కో ముక్కా తీసి ఉఫ్‌మని ఊదుతోంది. ఊదిన మసి పక్క ముక్క మీద వాలుతోంది. "ఒరేయ్, ఇది మాగాయా, విభూతి పండా?" అంది.

నేను మాత్రం సంతోషించాను. టన్ను వరిగడ్డిలో పైరుకి బలమిచ్చే నత్రజని సుమారు 5.5 కిలోలు, పొటాష్ 25 కిలోల దాకా ఉంటాయని శాస్త్రవేత్తల లెక్క. నిప్పు పెడితే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది. మన దేశం ఓడల్లో తెచ్చుకునే సరుకు, మా డాబా మీదకి ఫ్రీ డెలివరీ! చేనుకి అందకపోతేనేం, పచ్చడికి అందింది.

కౌలుకి చేసే బాబాయిని అడిగాను. "ఆయ్, కాలిస్తే పురుగు చచ్చిపోద్దిరా" అన్నాడు. నిజమే. దాంతోపాటు పైపొరలో గడ్డిని కుళ్లబెట్టి ఎరువు చేసే సూక్ష్మజీవులూ చస్తాయి. వంటమనిషిని తరిమేసి, కూరగాయలు బూడిద చేసి, జూలైలో వేలిముద్ర వేసి యూరియా కోసం క్యూ కడతాం. ఎంత పద్ధతైన మనుషులమో!

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇప్పుడు అంతదాకా ఆగక్కర్లేదు. కాలువలకి నీళ్లు ఆపేశాక మా మళ్లు మెట్ట నేలలే, నెర్రెల్లో చెప్పు దిగబడుతుంది. అలా ఎండిన మట్టి మీద ఒక్కసారిగా జడివాన పడితే, బతికున్న సూక్ష్మజీవులు లేచి, చచ్చినవాటిని తిని, ఉన్న కాస్త నత్రజనీ గబగబా వదిలేస్తాయి. అందుకోడానికి మడిలో ఒక్క వేరు ఉండదు. బూడిద మురుగు కాలువ పడుతుంది. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నీళ్లిచ్చాడు. మనం అగ్గిపెట్టెతో బదులిస్తున్నాం.

దీనికి "రైతుకి అవగాహన లేదండీ" అని ఏసీ గదిలో నిట్టూర్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా వైపు చేలో దిగేవాళ్లలో ఎక్కువమంది కౌలువాళ్లే. వచ్చే ఏడు ఈ మడి తనదో కాదో తెలియనివాడు ఎవడి నేలకి సత్తువ పెట్టాలి? కోత మిషన్ వదిలేసిన దుబ్బులు, గడ్డి ఏరడానికి, కట్టలు కట్టే మిషన్ అద్దెకి డబ్బెవడిస్తాడు? భూమిగలాయన హైదరాబాదులో ఉంటాడు, ఆయన బస్తాల లెక్క మాత్రం ఒక్క గింజ తగ్గకూడదు. దున్నేస్తే నేలకి ఎరువయ్యే జీలుగ చల్లడానికి విత్తనం ఖర్చు సగం పెట్టుకోమని ఆయన్ని ఎవరైనా అడిగారా? అడగరు. ఆయనకి అవగాహన సదస్సులుండవు.

పెద్దమ్మ ముక్కలన్నీ మళ్లీ ఊటలో ముంచి తీసింది. ఈసారి డాబా మీద కాదు, గదిలో ఫ్యాన్ కింద, కిటికీలు మూసి ఆరబెట్టింది.