మీటింగ్ ఎవరి ఫోన్‌లో ఉంటే వారిదే

గుంటూరులో ఓ మోస్తరు మిర్చి ఎగుమతి ఆఫీసుకి నాలుగు క్యాలెండర్లకు తగ్గితే పరువు తక్కువ. యజమానిగారికి ఐఫోన్, అకౌంట్స్ వారికి అవుట్‌లుక్, మార్కెటింగ్ కుర్రాళ్లకు గూగుల్, గోడమీద పంచాంగం సరేసరి. నాలుగూ ఒకే మాట చెప్పాలనడం ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టు.

అయినా కొందరు కలపాలని చూస్తారు. గూగుల్‌లోంచి ఐసీఎస్ ఫైలు (క్యాలెండర్‌ని మూటగట్టిన ఫైలు) దింపి అవుట్‌లుక్‌లో ఇంపోర్ట్ చేస్తారు. అది జిరాక్సు కాపీ. అసలు మారినా దానికి కబురందదు. ఇంకాస్త తెలిసినవారు అవుట్‌లుక్ లింకుని గూగుల్‌లో పెడతారు. మార్పులొస్తాయి, తీరిగ్గా. ఒక్కోసారి 12 గంటలు, ఒక్కోసారి రోజు. పొద్దున పదింటికి రద్దయిన మీటింగ్‌కి మధ్యాహ్నం మూడింటికి బెజవాడ బయ్యరు వారధి దాటి వచ్చి కూర్చుంటాడు. మర్యాదకి టీ చెప్పాలి.

అటూ ఇటూ నకళ్లు తీసే యాప్‌లు రెండు పెట్టుకుంటే మరీ శోభ. నకలుకి కొత్త యూఐడీ, అంటే గుర్తింపు నంబరు, పడుతుంది, రెండో యాప్ దాన్ని కొత్త మీటింగ్ అనుకుని మళ్లీ నకలు తీస్తుంది. ఉన్న ఒక్క బయ్యరూ నాలుగుసార్లు కనిపిస్తాడు; వ్యాపారం పుంజుకున్నట్టే ఉంటుంది.

టైమ్‌జోన్ సంగతి వేరే. మన అర్ధరాత్రి ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ముందురోజు సాయంత్రం 6.30. ఆ లెక్కన రోజంతా పెట్టిన సంక్రాంతి సెలవు రెండు రోజులకి పరుచుకుంటుంది. దీనిమీద సిబ్బంది నుంచి ఇంతవరకూ ఏ ఆఫీసులోనూ ఫిర్యాదు రాలేదు.

ఇక యజమానిగారు వర్జ్యం తగిలిందని ఒక్క సోమవారం రివ్యూని జరపబోయి ‘ఈ ఒక్కటి’ బదులు ‘అన్నీ’ నొక్కితే, ఏడాది పొడుగునా సోమవారాలన్నీ ఆనాటి వర్జ్యాన్నే తప్పించుకు తిరుగుతాయి.

మొండిగా బాగుచేస్తామనేవారికి దారి లేకపోలేదు. ఒక్కదాన్నే అసలుగా ఎంచుకోవాలి, గూగుల్ అనుకుందాం. ఐఫోన్ సెట్టింగ్స్‌లో లింకు కాకుండా అకౌంటే కలపాలి. అప్పుడు రాకపోకలు రెండు వైపులా సాగుతాయి. డిఫాల్ట్ క్యాలెండర్‌ని ఆపిల్ వారి ఐక్లౌడ్ నుంచి ఆఫీసుదానికి మార్చాలి. లేదంటే యజమానిగారు పెట్టిన మీటింగులు యజమానిగారికే తెలుస్తాయి. పాత అవుట్‌లుక్‌లో ఐమ్యాప్ అనే మెయిల్ పద్ధతితో జీమెయిల్ కలిపితే ఉత్తరాలే వస్తాయి, క్యాలెండర్ రాదు. కొత్త అవుట్‌లుక్‌లో రెండూ వస్తాయి. అన్నిటా టైమ్‌జోన్ కోల్‌కతా పెట్టి, పాత ఇంపోర్టులూ నకళ్ల యాప్‌లూ పీకెయ్యాలి.

అంతా కలిపి ఓ పూట పని. అందరూ ఫోన్లు పట్టుకుని ఒకచోట కూర్చోవాలంతే. ఆ మీటింగ్ ఏ క్యాలెండర్లో పెట్టాలన్నదే ఇంకా తేలలేదు.