సిరిసిల్లలో లెక్కకు రావాల్సింది పనిదినాలు

రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఏ పరిశ్రమ ఎంతమందికి పని ఇస్తోందంటే చెప్పడానికి సర్కారు దగ్గర గడులు సిద్ధంగా ఉన్నాయి. జాతీయ పరిశ్రమల వర్గీకరణలో 12వ విభాగం పొగాకు ఉత్పత్తులు, 13వది వస్త్రాలు, 14వది దుస్తులు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆమె మొదటి గడిలో, సాంచా (మరమగ్గం) నడిపే ఆయన రెండో గడిలో, పెద్దూరు అపెరల్ పార్కులో మిషన్ మీద కుట్టే బిడ్డ మూడో గడిలో పడతారు. సిరిసిల్లలో ఈ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కావడం మామూలే. సాంచాలు ఆగిన నెలలో ఇల్లు గడిచేది బీడీల పైసలతోనే. ఆ సంగతి ఏ గడిలోనూ కనిపించదు.

కార్మిక శక్తి సర్వే వారపు లెక్క ప్రకారం గడిచిన ఏడు రోజుల్లో ఒక్క రోజు, ఒక్క గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే. ఏడాది లెక్కలో 30 రోజుల అనుబంధ పని ఉంటే చాలు. ఇక వార్షిక పరిశ్రమల సర్వే ప్రధానంగా ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన యూనిట్లనే చూస్తుంది. ఇంటి వెనుక షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకున్న ఆసామి అందులో ఉండడు. అంటే ఊరి ప్రధాన వృత్తి ఒక సర్వేలో సగమే కనిపిస్తుంది, ఇంకో సర్వేలో ఉన్నదానికంటే నిండుగా కనిపిస్తుంది. ఈ అంకెలను నమ్ముకుని పథకం రాస్తే అది షెడ్డు దాకా చేరదు.

షెడ్డులో పని ఎలా సాగుతుందో చూస్తే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. పాలిస్టర్ నూలు కోన్లు ముందు వార్పిన్‌కు పోతాయి. అక్కడ రెండు వేల పైచిలుకు పోగులు ఒక బీము (నిలువు పోగులు చుట్టే పెద్ద రోలరు) మీదికి ఎక్కుతాయి. పాత బీము అయిపోగానే వైపని కార్మికుడు కొత్త పోగును పాత పోగుతో ఒక్కొక్కటిగా అతుకుతాడు. పోగుకు ఆరు సెకన్లు వేసుకున్నా దాదాపు నాలుగు గంటలు వంగి కూర్చోవాల్సిన పని అది. ఆపైన సాంచా నడిపేవారు, అడ్డపోగు నూలును కండెలకు చుట్టేవారు, మరమ్మతు చేసే జాబర్లు, తానులు మోసే హమాలీలు. కూలి నడిపేవాడికి మీటర్ల చొప్పున, వార్పిన్‌కూ వైపనికీ బీము చొప్పున వస్తుంది. యజమాని నూలు ఇవ్వకపోతే ఆసామికి బీము లేదు. బీము లేకపోతే ఇంతమందికీ ఆ రోజు కూలి లేదు. సర్వేలో వీళ్లంతా వస్త్ర పరిశ్రమ కార్మికులే. కానీ పని తగ్గినప్పుడు అందరికీ ఒకేలా తగ్గదు. కొత్త బీములు ఆగగానే వార్పిన్ వాళ్లు, వైపని వాళ్లు ఖాళీ అవుతారు. ఎక్కి ఉన్న బీము అయ్యేదాకా నడిపేవాడికి ఇంకొన్నాళ్లు పని ఉంటుంది. వైపని వాళ్ల చేతులు ఖాళీ అయ్యాయంటే వారాల్లో సాంచాలు ఆగుతాయని అర్థం. జిల్లా యంత్రాంగం నెలనెలా ఎక్కిన బీములను లెక్కిస్తే చాలు, సర్వే నివేదిక రాకముందే కష్టకాలం తెలిసిపోతుంది.

సాదా సాంచా నిమిషానికి సుమారు 130 పోట్లు (అడ్డపోగులు) వేస్తుంది. అంగుళానికి 44 పోట్ల గుడ్డయితే మీటరుకు 1,730 పోట్లు పడతాయి. ఎక్కడా ఆగకపోతే మీటరుకు 13 నిమిషాలు. పోగు తెగడం, కండె మార్చడం, కరెంటు పోవడం కలిపి ఐదో వంతు సమయం పోతుందనుకుంటే 12 గంటల పాలి (షిఫ్టు)లో ఒక సాంచా మీద 40 మీటర్ల పైన దిగుతుంది. కార్మికుడు ఎనిమిది సాంచాలు చూసుకుంటాడు. ఒక్కో కండె 20 నిమిషాలు వచ్చినా రెండున్నర నిమిషాలకోసారి ఏదో ఒక సాంచా దగ్గర కండె మార్చాలి. ఆ చప్పుడులో, ఆ ఉరుకులాటలో నిలువు పోగు తెగితే సాదా సాంచా దానంతట అది ఆగదు. అతని కన్ను పడేదాకా గుడ్డలో గీత పడుతూనే ఉంటుంది. ఆ గీతకు కోత పడేది అతని కూలిలోనే.

ఇప్పుడు సర్కారు ఆర్డర్ల సంగతి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం కింద ఏటా కోటికి దగ్గరగా చీరలు పంచారు. రవిక గుడ్డతో కలిపి చీరకు ఆరు మీటర్లంటే ఆరు కోట్ల మీటర్లు. 20 వేల సాంచాలు ఒక్క పాలి నడిస్తే రోజుకు ఎనిమిది లక్షల మీటర్లు దిగుతాయి. ఈ లెక్కన అంత పెద్ద ఆర్డరు కూడా 75 రోజుల పని. డాబీ (అంచు డిజైన్ నేసే పరికరం) అంచు చీరకు వేగం తగ్గుతుంది, అన్ని సాంచాలకూ డాబీ ఉండదు. అందుకే పని నాలుగైదు నెలలు సాగింది. మిగతా ఏడెనిమిది నెలలు పాలిస్టర్ మార్కెట్ దయ. ఆ మార్కెట్‌లో సూరత్, భివండీలతో పోటీపడాలి. ఆ పథకం ఆగాక సాంచాలు ఎలా మూగబోయాయో, ఎన్ని కుటుంబాలు కుదేలయ్యాయో రాష్ట్రమంతా చూసింది. ఇప్పుడు స్వయం సహాయక సంఘాల మహిళలకిచ్చే ఇందిరా మహిళా శక్తి చీరల పని వచ్చింది. దాన్ని స్వాగతిస్తున్నాం. అయితే చీర పేరు మారినంత మాత్రాన ఏడాదిలో పని దొరికే రోజులు పెరగవు.

ఆర్డరు ఆలస్యమైతే ఏమవుతుందో 2017లోనే తేలింది. గడువులోగా నేత పూర్తికాదని కొన్ని చీరలను సూరత్ నుంచి తెచ్చారు. ఆలస్యంగా వచ్చిన ఆర్డరును రెండు పాలీలు నడిపి, నిద్ర మానుకుని నేస్తారు. ఆపైన బిల్లుల కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. బకాయి పడితే మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార) సంఘం యజమానికి, యజమాని ఆసామికి, ఆసామి కార్మికుడికి సాకు చెబుతారు. చివరివాడికి చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు.

అపెరల్ పార్కు వచ్చింది కదా, నేత పోయినా కుట్టు ఉందని కొందరి వాదన. కుట్టు యూనిట్లలో మహిళలకు నెల జీతం దొరకడం మంచిదే, ఆ ఉద్యోగాలు ఇంకా పెరగాలి. కానీ యాభై ఏళ్ల నేతన్న కుట్టు మిషన్ మీదికి మారడు. పైగా ఎగుమతి దుస్తులకు వెడల్పు గుడ్డ కావాలి. గుడ్డలోని లోపాలకు వేసే పాయింట్లు 100 చదరపు గజాలకు 40 దాటితే చాలామంది కొనుగోలుదారులు తిప్పికొడతారు. సాదా సాంచా మీద అది సాధించడం కష్టం. అందుకే ఒకే జిల్లాలో నేసే గుడ్డ ఒక దారి, కుట్టే గుడ్డ ఇంకో దారి. నిలువు పోగు తెగితే ఆగే ఏర్పాటును పాత సాంచాలకు బిగించడానికి, ర్యాపియర్ మగ్గాలు (కండె లేకుండా నేసే ఆధునిక మగ్గాలు) కొనడానికి ఆసాములకు రాయితీ ఇస్తే ఈ రెండు దారులు కొంతైనా కలుస్తాయి. చిన్న ఆసాములు నలుగురైదుగురు కలిసి తీసుకునేలా నిబంధనలు ఉండాలి, లేకపోతే రాయితీ పెద్ద యజమానుల దగ్గరే ఆగిపోతుంది.

ప్రభుత్వం తక్షణం చేయగలిగింది ఆర్డర్ల క్యాలెండర్. బడులు జూన్‌లో తెరుస్తారు. యూనిఫాం గుడ్డ మార్చికల్లా రంగు, కుట్టు పనులకు చేరాలంటే టెస్కో (రాష్ట్ర చేనేత సహకార సంస్థ) ఆర్డరు అక్టోబరులోనే వెలువడాలి, నూలు నవంబరులో డిపోకు రావాలి. చీరల ఆర్డరు ఫిబ్రవరిలో ఇచ్చి, ఏప్రిల్‌లో సాంచా ఎక్కిస్తే పాలీ పెంచకుండానే దసరాకు అందుతాయి. ఆసుపత్రులు, హాస్టళ్ల దుప్పట్లు, పరదాలు, లంగా గుడ్డ మధ్య నెలలకు సర్దాలి. గుడ్డ అప్పగించిన 30 రోజుల్లో బిల్లు చెల్లించాలి. అందులో కూలి భాగాన్ని విడదీసి వార్పిన్, వైపని కార్మికులతో సహా అందరి బ్యాంకు ఖాతాల్లో నేరుగా వేయాలి. ఈ ఖాతాల జాబితాయే జిల్లాకు అసలైన ఉపాధి లెక్క అవుతుంది. ఎవరికి ఏ నెలలో ఎన్ని రోజుల పని దొరికిందో అందులోనే తేలుతుంది. వచ్చే యూనిఫాం ఆర్డరుతోనే దీన్ని మొదలుపెట్టాలి.