చెయ్యి తడిపే ఎత్తిపోతల

మా పడమటి ప్రకాశానికి నీళ్లు లేవని ఏడ్చేవాళ్లు సగం నిజమే చెబుతున్నారు. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన, శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీలు తెస్తామన్నారు, 2024 మార్చిలో రెండు సొరంగాలనూ జాతికి అంకితం కూడా చేశారు, ఆ రోజుకి మా పొలాలకి చుక్క రాలేదు. కానీ ఎంత కరువొచ్చినా ఆగనిది ఒకటుంది. చెయ్యి తడపడం.

ఆలోచిస్తే ఇంతకన్నా గొప్ప ఎత్తిపోతల పథకం లేదు. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు, కింద కూలోడి జేబులో బయల్దేరిన రూపాయి తనంతట తానే బల్ల బల్లకీ ఆగుతూ పైకెక్కుతుంది. పైవాళ్లకి అందలేదన్న ఫిర్యాదు ఎప్పుడైనా విన్నారా?

మా వీధి పెద్దమ్మ సంగతి చూడండి. భర్త పోయాడు, వితంతు పింఛనుకి కాగితాలు కావాలి, ఒక ఆఫీసుకెళ్లింది. "ఊరికే వచ్చావా పెద్దమ్మా?" అన్నాడట అక్కడాయన. "లేదు నాయనా, పింఛను కోసం వచ్చా" అంది. ఆ ఒక్క జవాబుకి ఆరు నెలలు పట్టింది. పైగా ఆయన పోయాడని తేల్చడమూ కష్టమే కదా, ఉపాధి హామీ మస్టర్లో అప్పటికీ రోజూ మట్టి పనికి వస్తూనే ఉన్నాడు (బతికున్నప్పుడు ఇంత క్రమంగా వెళ్లలేదని పెద్దమ్మే చెప్పింది).

చివరికి నూటికి ఐదు వడ్డీకి 8,000 తెచ్చి తడిపింది. నెలకి 4,000 పింఛనులో 400 వడ్డీకే పోతుంది, అసలు అట్టనే ఉంది, ఆరు నెలల్లో పోయిన 24,000 సంగతి ఎవరూ ఎత్తరు. చదువు మానేసిన కొడుకు బెంగళూరులో బేల్దారి పనికెళ్లాడు.

దీన్ని అన్యాయం అనకండి, నిర్వహణ అనండి. చెరువు పేదోడే కదా. పింఛనూ కూలీ కాస్త కాస్త ఊరుతుండాలి, ఊరినంతా తోడుకోవాలి. అట్టాగని నిండనివ్వకూడదు, నిండితే వాడు ఇంకెవరి గుమ్మం ముందూ నిలబడడు, అప్పుడు పథకం గతేంటి?

చట్టమూ పేదోళ్లని చిన్నచూపు చూడలేదు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో లంచం ఇచ్చినవాళ్లకీ ఏడేళ్ల దాకా జైలు, ఆఫీసరుతో సరిసమానంగా. బలవంతంగా ఇవ్వాల్సొస్తే మాత్రం 7 రోజుల్లో చెప్పుకోవాలి. పెద్దమ్మకి ఇదంతా వివరించి, ఏసీబీ నంబరు 1064 అని రాసిచ్చా. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది:

"దీనికి చెయ్యాలంటే ఎంతివ్వాలి నాయనా?"