పెళ్లి మాటల్లో చెరువులు, కోర్టులో నిరుద్యోగం

భీమవరం దగ్గర మా దూరపు బంధువుల అమ్మాయి మనోవర్తి (భరణం) కేసులో, కింది కోర్టు ఉత్తర్వు మీద మాజీ భర్త వేసిన రివిజన్‌ను హైకోర్టు కొట్టివేసింది. ఆ కబురు వచ్చినప్పటి నుంచి మా వీధి అరుగుల మీద ఒకటే గోల: "విడాకులయ్యాక ఇంకా డబ్బులేమిటండీ?" మళ్లీ పెళ్లి చేసుకోకుండా, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే, విడాకులు పొందిన స్త్రీ కూడా మనోవర్తి విషయంలో భార్యే. 1973 నాటి నేర విచారణ స్మృతి 125వ సెక్షన్‌లో ఉన్న మాటే ఇది. 2024 జులై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌లోకి మారింది, అంతే. ఇన్నేళ్లుగా ఉన్న చట్టానికి ఇప్పుడు ఉలిక్కిపడితే ఎలా?

నా మంట వేరు. పెళ్లి మాటలప్పుడు ఈ అబ్బాయికి ఎనిమిది ఎకరాల రొయ్యల చెరువులు, సార్వా దాళ్వా రెండు పంటలూ పండే మాగాణి, ఊళ్లో డాబా. చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఎన్ని తిరుగుతున్నాయో కూడా చెప్పారు. కట్నం ఖాయమైంది ఆ లెక్క మీదే (కట్నం 1961 నుంచి నేరమని అక్కడ కూర్చున్న పెద్దలందరికీ తెలుసు). కోర్టుకు వచ్చేసరికి చెరువులు తండ్రివి, డాబా తల్లిది, మాగాణి కౌలుకిచ్చేశారు, ఆయనేమో నిరుద్యోగి! కౌలుకిస్తే కౌలు డబ్బు రాదా? ఉద్యోగస్తుడికైతే జీతం చీటీ ఉంటుంది. రొయ్యలు పట్టిన రోజు గట్టు మీదే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి, తూకం వేసి, డబ్బు చేతులు మారితే దానికి ఆ పిల్ల కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? ఆనాడు ఎకరాలు వల్లించిన మధ్యవర్తిని సాక్ష్యానికి రమ్మంటే మోకాళ్ల నొప్పులన్నాడు.

ఇలాంటి దాపరికాలు చూసే సుప్రీంకోర్టు 2020లో రజనేశ్, నేహ కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలంది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కకట్టాలనీ చెప్పింది. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కాయకష్టం చేసైనా పోషించాల్సిందేనని 2022లో మరో తీర్పులో అంది. సంపాదన దాచి అడిగే ఆడవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. అఫిడవిట్ ఇద్దరికీ పెట్టింది అందుకే కదా.

రివిజన్ పోయినా ఆమె చేతికి ఇంకా రూపాయి రాలేదు. బకాయి పడిన ఏడాదిలోగా వసూలుకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోకపోతే ఆ నెలలకు వసూలు వారంటు కూడా ఉండదు. ఆ తిరుగుడూ ఆమెదే. ఆయనకేమో కొత్త సంబంధాలు చూస్తున్నారట, చెరువులన్నీ అబ్బాయి పేరునే ఉన్నాయని చెబుతున్నారట.