గుండ్రంలో కూర్చున్న ఆర్ దొరగారికి

దొరగారూ,

సబ్బు కాగితం మీద, పచ్చడి సీసా మీద, పేరు చివర పైమూల ® అంటూ చీమ తలకాయంత ఉంటారు. కళ్ళజోడు తుడుచుకుంటే తప్ప కనబడరు. "ఇది రిజిస్టరైన పేరు, చెయ్యేస్తే కోర్టుకీడుస్తాం" అనే పెద్దమాట ఆ చిన్న గుండ్రంలో ఎలా ఇమిడిందో!

మీ వంశచరిత్ర తిరగేశాను. ఈ దేశంలో పేర్లకంటే యంత్రాలకే ముందు కాపలా దొరికింది. 1856లో ఆవిష్కరణల చట్టం రాగానే కలకత్తాలో డిపెన్నింగ్ అనే ఇంజినీరు అర్జీ పెట్టుకున్నాడు. దేనికంటారు? పంకా లాగే యంత్రానికి! దొరలకి చెమట పట్టడం అత్యవసరం మరి. వ్యాపారి పేరు ఎవడో ఎత్తుకుపోతే మాత్రం తొందరేం లేదు. 1889లో సరుకు గుర్తుల చట్టమొకటి వచ్చింది గానీ, దొంగగుర్తు వేసినవాణ్ణి శిక్షించడమే దాని పని, పేరు రాసుకునే పుస్తకం తెరవలేదు. "ఈ గుర్తు నాది" అని పొలం దస్తావేజులా ఓ కాగితం రాయించి రిజిస్టరు చేయించుకుని, దాన్ని గుండెలకి హత్తుకు తిరిగేవారట వర్తకులు. చివరికి పుస్తకం తెరిచింది 1940 చట్టం. పంకాకీ మీకూ మధ్య 84 ఏళ్ళు!

పోనీ అప్పుడైనా అందరికీ దక్కారా? సబ్బుకి దక్కారు, బట్టలుతికే లాండ్రీకి దక్కలేదు. 1958లో కొత్త చట్టం చేసినా అంతే. సేవకి కూడా ఓ పేరుంటుందని 1999లో గానీ మనవాళ్ళకి తట్టలేదు. తట్టిందనడం కూడా మర్యాదకే. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరి పేర్లు, ఆవిష్కరణల్లాంటి వాటి హక్కులు కాపాడాలనే ట్రిప్స్ ఒప్పందం మెడలో వేసుకున్నాం కదా, దాంతో కదిలారు. ఆ కదలడమైనా 1999 డిసెంబరులో చట్టం చేసి, 2003 సెప్టెంబరు 15న అమల్లో పెట్టారు. బిడ్డ పుట్టిన మూడున్నరేళ్ళు దాటాక బారసాల!

ఇక పేర్లు రిజిస్టరు చేసేందుకు సరుకుల్నీ సేవల్నీ విడగొట్టిన మీ 45 తరగతుల సంగతి. ఆవకాయ 29లో కూర్చుంటుంది, కారప్పొడి 30లో. ఒకే వంటింట్లో, ఒకే చేత్తో కలిపినా సరే, ఒక పేరు రెంటికీ కావాలంటే రెండు రుసుములు. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయలు. అన్నంలో రెండూ కలుపుకు తినేవాడికి ఈ సరిహద్దు ఎక్కడుందో తెలీదు పాపం. 2017లో మాత్రం 74 ఫారాలని 8కి కుదించారు. పోయిన ఫారాల కోసం ఎవరూ ఏడ్చిన దాఖలా లేదు.

"ఇది మా గుర్తు" అని మాత్రమే చెప్పే మీ తమ్ముడు టీఎం (™) నయం, రిజిస్టరు ఉన్నా లేకపోయినా ఎవరింటికైనా వస్తాడు. మిమ్మల్ని అలా ఊరికే తగిలించుకుంటే ఒకప్పుడు జైలు దాకా ఉండేది. 2023లో జన్ విశ్వాస్ చట్టం దాన్ని జరిమానాకి దించింది.

అయితే దొరగారూ, ఇన్ని చట్టాలూ కలిసి మా నోటిని మాత్రం పట్టుకోలేకపోయాయి. అయిదేళ్ళకి పైగా వాడకపోతే పేరు పోవచ్చు, అది న్యాయమే. మరీ వాడినా పోయే ప్రమాదముందిట! వాడకం శ్రుతిమించి పేరు కాస్తా సరుకుపేరైపోతే దాన్ని రిజిస్టరులోంచి తీసేయమని అడగొచ్చట. మాకదేం తెలుసు? ఏ కంపెనీ వనస్పతైనా మా అమ్మమ్మకి డాల్డాయే.

నిన్న ఆధార్ కాపీ తీయించుకోడానికి సందు చివరి కొట్టుకెళ్ళాను. బయట బోర్డు మీద బారెడు అక్షరాల్లో "జెరాక్స్". లోపల యంత్రం మీద ఇంకో కంపెనీ పేరు, దాని పక్కన మీరు. కొట్టబ్బాయి కాపీ తీసిన కాగితాల కట్ట తెచ్చి సరిగ్గా మీ మీదే పెట్టాడు.

ఇట్లు,
మిమ్మల్ని భూతద్దంలో చూసిన వినియోగదారుడు