శాలువా కప్పించుకునేవాళ్ళు సరే, డౌటు చెప్పేవాళ్ళేరీ?

మా అమ్మాయి చదివే స్కూల్లో మొన్న మోటివేషన్ ప్రోగ్రాం పెట్టారు. స్కూలు పేరెందుకులెండి, విశాఖలో మధురవాడ వైపు. ఎక్కడి నుంచో ఒక పెద్దాయన వచ్చి గంటన్నర మైకు వదల్లేదు. పిల్లలేమో షామియానా కింద చెమటలు కక్కుకుంటూ కూర్చున్నారు. చివర్లో ప్రశ్నలు అడగమంటే ఇద్దరు లేచారు. ఆ ప్రశ్నలు కూడా ముందురోజే మేడం చీటీల మీద రాసిచ్చినవట. తర్వాత శాలువా, మొమెంటో, గ్రూప్ ఫోటో. సాయంత్రం "ఏం చెప్పారే?" అంటే, "కష్టపడమన్నారు నాన్నా" అంది. ఆ ముక్క నేను రోజూ ఫ్రీగానే చెబుతున్నాను కదా!

ఆయన మీద నాకేం కోపం లేదు, ఆయన పని ఆయన చేసుకుపోయాడు. గొప్పవాళ్ళని చూపిస్తే చాలు, పిల్లలు వాళ్ళే బాగుపడిపోతారన్న మన నమ్మకంతోనే నా పేచీ.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతే చూడండి. ఇంటర్ మన ఏవీఎన్ కాలేజీలో, లెక్కల్లో ఎం.ఏ. ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. అసలు ఆయన ఆ దారి పట్టిందెలా? చదువయ్యాక మిలిటరీలో ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళారు. అది రాలేదు. దిగిన హోటల్లోనే ఇంకో కుర్రాడు ఉంటూ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ అవుతున్నాడు. అతని వెంట వెళ్ళి ఆ చోటు చూశారు, 1941లో అక్కడే చేరారు. చిన్నప్పుడైతే తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టింది వాళ్ళమ్మ. ఆ హోటల్ కుర్రాడూ, ఆ అమ్మా మన ఫ్లెక్సీల్లో ఎక్కడా కనబడరు.

జ్యోతి యర్రాజీ కథా అంతే. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పని చేసేది. పోర్టు హైస్కూల్లో చదువుతుంటే అక్కడి ఆటల టీచర్ (పీఈటీ) ఆ పిల్ల పొడవు చూసి, అడ్డంకులు దూకుతూ పరిగెత్తే హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తుపట్టారు. ఆ తర్వాతే హైదరాబాద్ కోచింగ్, హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో రజతం, పారిస్ ఒలింపిక్స్. ఇప్పుడు ప్రతి స్కూలూ ఆమె ఫోటో పెడుతోంది. అదే స్కూళ్ళలో గేమ్స్ పీరియడ్ రాగానే లెక్కల సార్ చాక్‌పీసు పట్టుకుని దిగిపోతాడు, సిలబస్ అవ్వలేదని. అపార్ట్‌మెంట్‌లో నడిచే కాలేజీలకైతే గ్రౌండే లేదు. ఇంకో జ్యోతి ఉన్నా చూసేదెవరు?

పెద్దవాళ్ళ కథలు వద్దంటున్నానా? వద్దనడం లేదు. మన క్రికెటర్ నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబర్లో మెల్‌బోర్న్‌లో సెంచరీ కొట్టినప్పుడు స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న కన్నీళ్ళు చూసి గాజువాకలో ఎన్ని ఇళ్ళు ఊగిపోయాయో! ఆ ఊపు కావాలి. కాకపోతే రెండోరోజు పొద్దున్న బ్యాటు పట్టుకుని బయల్దేరిన గుంటడికి చెయ్యి ఎలా పెట్టాలో చూపించేవాడు ఒకడుండాలి. లేకపోతే ఆ ఊపు ఆదివారం దాటదు.

అలాంటివాళ్ళని చూడాలంటే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి చదువుకునే పిల్లలు పొద్దున్నే వచ్చి, బ్యాగు పెట్టి సీటు కాస్తారు. ఒకరోజు బయట టీ కొట్టు దగ్గర ఒక కుర్రాణ్ణి చూశాను, బ్యాంకులో కొత్తగా ఉద్యోగం వచ్చిందట. ఇంకొకడు రైళ్ళ లెక్క ఒకటి పట్టుకుని అతని మీద పడ్డాడు. టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, న్యూస్‌పేపర్ అంచు మీద రెండు గీతలు గీసి చెప్పాడు. వీడికి ఎక్కలేదు. మళ్ళీ చెప్పాడు. "అన్నా, ఇంకోసారి" అంటే, "ఏటిరా బాబూ, రెండు రైళ్ళూ ఎదురెదురుగా వస్తున్నాయి కదా, స్పీడులు కలుపు" అని పెన్ను వాడి చేతికిచ్చాడు. ఈసారి వాడే చేశాడు. శాలువా లేదు, ఫోటో లేదు. టీ డబ్బులు కూడా ఆ అన్నే ఇచ్చాడు.

మా అమ్మాయి స్కూల్లో పదో క్లాసు పాసై వెళ్ళినవాళ్ళు ఎంతమంది లేరు! పాలిటెక్నిక్‌లో ఉన్నవాళ్ళు, నర్సింగ్ చదివేవాళ్ళు, ఐటీఐ చేసి స్టీల్ ప్లాంట్‌లో అప్రెంటిస్‌గా వెళ్ళినవాళ్ళు. వాళ్ళలో ఒకరిని నెలకోసారి పిలిచి క్లాసులో పిల్లల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టండి. హాస్టల్ ఎలా ఉంటుంది, ఫీజు ఎంత, ఫెయిలైతే ఏం చేశావ్, ఇంట్లో ఎలా ఒప్పించావ్ అని పిల్లలే అడుగుతారు, చీటీలు అక్కర్లేదు. ముఖ్యంగా ఆడపిల్లలకి ఆ చివరి ప్రశ్న చాలా పెద్దది. దానికి జవాబు తెలిసింది నిన్నమొన్న ఒప్పించుకుని బయటపడిన అక్కకే.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఇదే అడగబోతున్నాను. గేమ్స్ పీరియడ్ పీఈటీ సార్‌కే వదిలేయమని కూడా చెబుతాను. అన్నీ విని ప్రిన్సిపల్ గారు "టర్మ్ ఫీజు కట్టారా సార్?" అంటారేమో. కట్టేశాను, రసీదు జేబులో పెట్టుకునే వెళ్తున్నాను.